వడ్రంగి వంశము

గౌతమీ తీరమందలి యానాము 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. పూర్వమొక ఫ్రెంచి వడ్రంగి పొట్టకూటికై అచటికి వచ్చి స్థిరపడెననుకొందము. అతని వంశమును తెలిసికొనుటెట్లు? రాజులకు శాసనములు గలవు. పనివానికి జనన, వివాహ, మరణముల రిజిస్టర్లే ఆధారము. యానాము రిజిస్టర్ల ప్రతులు ఫ్రాన్సులోని ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ నగరమున భద్రముగా నున్నవి.

శోధకుడు కడపటి తరమునుండి వెనుకకు నడువవలెను. వివాహపత్రమున వధూవరుల తల్లిదండ్రుల పేళ్లుండును. వాని సాయమున పైతరమువారి పత్రములను వెదకవలెను. ఫ్రెంచి పత్రములలో స్త్రీలకు పెండ్లియైన పిదపను పుట్టినింటి పేరే వ్రాయుదురు. కావున తల్లివైపు వంశమును దొరకును. ఒకే పేరు ఇద్దరికుండవచ్చును. అందుచే వృత్తిని, సాక్షులను సరిచూడవలెను.

చెదపురుగు ఒక్క పుటను తినినచో ఒక తరమే మాయమగును. మన యింటి పాత కాగితములును అట్టివే.