టర్బో ఇంజిన్‌కు ఏ ఆయిల్ మంచిది?

వేసవి మధ్యాహ్నం హౌరా వంతెన దగ్గర ట్రాఫిక్‌లో కారు ఆగినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఎదురుగాలి తగలదు కనుక వేడి పెరుగుతుంది. ఆయిల్‌కు అసలు పరీక్ష ఇదే.

ముడిచమురు నుంచి తీసిన మినరల్ ఆయిల్‌లో చిన్నా పెద్దా అణువులు కలిసి ఉంటాయి. వేడికి తేలికైనవి ఆవిరవుతాయి. కొన్ని ఆక్సిజన్‌తో కలిసి జిగురుగా మారతాయి. పీఏఓ వంటి సింథటిక్ ఆయిల్ అణువులను రసాయనికంగా నిర్మిస్తారు. అవి దాదాపు ఒకే తీరుగా ఉండటంతో వేడికి అంత త్వరగా పలుచబడవు, చలికి మరీ చిక్కబడవు.

హౌరాకు దగ్గర్లోని ఉత్తర్‌పాడాలో 2014 వరకు అంబాసిడర్ కార్లు తయారయ్యాయి. వాటిలో పాత మోడళ్ల ఇంజిన్లకు మినరల్ ఆయిల్ సరిపోతుంది. టర్బో సంగతి వేరు. దాని ఇరుసు నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగలదు. దాన్ని మోసేది పలుచని ఆయిల్ పొరే. ఆ ఆయిల్ మాడి మసి పేరుకుంటే బేరింగులు అరిగి టర్బో పాడవుతుంది. అందుకే సింథటిక్‌పై పెట్టే అదనపు ఖర్చు ఇక్కడ దండగ కాదు.

అయితే డబ్బాపై 'సింథటిక్' అని ఉంటే చాలదు. ముడిచమురును హైడ్రోజన్‌తో గాఢంగా శుద్ధి చేసిన నూనెలనూ ఆ పేరుతో అమ్ముతారు. కారుతో ఇచ్చిన మాన్యువల్‌లోని 5డబ్ల్యూ-30 వంటి గ్రేడు, ఏపీఐ ప్రమాణం ముందు సరిపోవాలి. ట్రాఫిక్‌లో నిలిచిన గంటలు కిలోమీటర్ల లెక్కలోకి రావు. కాబట్టి మాన్యువల్‌లో కఠిన వాడకానికి చెప్పిన గడువుకే ఆయిల్ మార్చాలి.