తెలివైన పిల్లాడికి మందెందుకు?

“ఎక్కాలు గడగడా అప్పజెప్పే పిల్లోనికి మందేమిటికి?” అంటారు మా అత్తగారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. మావాడికి తొమ్మిదేళ్లు. ఆస్పరి మార్కెట్లో టమోటా గంపల లెక్క నోటితోనే కట్టేస్తాడు. ఆదోని వైపు వెళ్లే రైళ్ల వేళలన్నీ కంఠతా వచ్చు. కానీ నాలుగు లైన్లు రాసేలోగా మూడుసార్లు లేస్తాడు. తెలిసిన జవాబే సగంలో వదిలేస్తాడు. “తెలివుంది, ఒళ్లు వంచడు” అన్న మాట విని విని, “నేను చెడ్డోణ్నా అమ్మా?” అని అడగడం మొదలుపెట్టాడు. అప్పుడే కర్నూలు వెళ్లాం.

తెలివి వేరు, నిలకడ వేరు అన్నారు డాక్టరుగారు. ఈ సమస్యను ఏడీహెచ్‌డీ అంటారు. రక్తపరీక్షలోనో స్కానింగులోనో తేలేది కాదు. పన్నెండేళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ ఆరు నెలలకు పైగా కనిపించాలి. చూపు, వినికిడి, నిద్ర బాగున్నాయో లేదో ముందు చూడాలి. తెలివైన పిల్లలు చిన్న తరగతులు ఎలాగో నెట్టుకొస్తారు కాబట్టి, వాళ్లలో ఇది ఆలస్యంగా బయటపడుతుంది.

ఆరేళ్లలోపు పిల్లలకైతే మొదటి వైద్యం తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే. ఆ వయసు దాటితే దానికి మందు కూడా తోడవుతుంది. ఎక్కువగా వాడేది మిథైల్‌ఫెనిడేట్. మామూలు మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు. ఆకలి తగ్గవచ్చు, నిద్ర చెడవచ్చు, ఎదుగుదల కాస్త మందగించవచ్చు. అందుకే బరువు, ఎత్తు, రక్తపోటు, నాడి చూస్తూ ఉండాలి. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుంటే ముందే చెప్పాలి.

మావారి భయం వేరు. “వాడి చురుకు చచ్చిపోతే?” అన్నారు. పిల్లాడు మందకొడిగా మారితే మోతాదు ఎక్కువైనట్టే, తగ్గించాలి, లేదా మార్చాలి అన్నారు డాక్టరుగారు. అమెరికాలో 579 మంది పిల్లలపై జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 1999లో వచ్చాయి. పద్నాలుగు నెలల్లో మందు వాడినవారిలో నిలకడ బాగా పెరిగింది. ఏళ్లు గడిచాక చూస్తే ఆ తేడా నిలవలేదు. అంటే మందు ఊతకర్ర లాంటిది. నడక మనం నేర్పాల్సిందే.

ఇవన్నీ బేరీజు వేసుకుని, తక్కువ మోతాదుతో ఒక నెల చూద్దామనుకున్నాం. పొద్దున టిఫిన్ తిన్నాకే మాత్ర. తిండి, నిద్ర, హుషారు రోజూ పుస్తకంలో రాస్తున్నాను. టీచరమ్మ వాణ్ని ముందు బెంచీలో కూర్చోబెట్టి, పని చిన్న చిన్న ముక్కలుగా ఇస్తానన్నారు. నెలాఖరున ఆ పుస్తకం చూసే కొనసాగించాలో ఆపాలో తేలుస్తాం. మార్కులు పెరగాలన్నది మా షరతు కాదు. మొదలుపెట్టిన పని తనే పూర్తిచేసి, తనను తాను చెడ్డవాడనుకోకుండా ఉంటే చాలు.

మీ ఇంట్లోనూ ఇలాంటి సందేహముంటే పక్కింటివారి మాట విని మందు మొదలుపెట్టకండి, ఆపకండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే అడగవచ్చు.