నీరు దిగాకే కండ లెక్క

డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) 55 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు ఉన్న ఒక మగమనిషిని ఉదాహరణగా తీసుకుందాం. నల్లగొండలోనో పాలమూరులోనో డయాలిసిస్‌కు వచ్చేసరికి కాటా 58 చూపింది. పెరిగిన 3 కిలోలూ ఒంట్లో చేరిన నీరే. 4 గంటల్లో మిషన్ దాన్ని తీసేస్తుంది. ఇది రోగులందరికీ తెలుసు. ఆ నీరు కండల లెక్కను ఎంత తారుమారు చేస్తుందో మాత్రం చాలామందికి తెలియదు.

కండను అంచనా కట్టే బయోఇంపెడెన్స్ పరికరం ఒంట్లోకి సన్నటి కరెంటు పంపుతుంది. అది నీటిలో తేలిగ్గా పారుతుంది, కొవ్వులో అంతగా పారదు. ఆరోగ్యవంతుల్లో కొవ్వు కాని భాగంలో సుమారు 73 శాతం నీరే కనుక, నీటిని బట్టి కండను లెక్కగడతారు. వాచిన కాలికి ఈ లెక్క కుదరదు. డెక్సా స్కాన్ కూడా ఆ నీటిని కండ పద్దులోనే కలిపేస్తుంది.

మన ఉదాహరణలో కాళ్లు, చేతుల కండ 17.5 కిలోలు అనుకుందాం. మీటర్లలో ఎత్తు వర్గంతో, అంటే 2.56తో భాగిస్తే 6.8 వస్తుంది. ఆసియా నిపుణుల బృందం 2019లో బయోఇంపెడెన్స్ కొలతకు పెట్టిన హద్దు మగవాళ్లకు 7.0, ఆడవాళ్లకు 5.7. కాబట్టి ఇతనికి కండ తక్కువే. అదే డయాలిసిస్‌కు ముందు కొలిస్తే, కాళ్లలో చేరిన 1 లీటరు నీరు కండగా జమపడి 18.5 కిలోలవుతుంది. అంకె 7.2కు ఎగబాకుతుంది. చిక్కిపోతున్న మనిషి కాగితం మీద బాగున్నట్టే కనిపిస్తాడు. అందుకే డయాలిసిస్ అయ్యాక అరగంట ఆగి, ప్రతిసారీ అదే పద్ధతిలో కొలవాలి.

ఇంతకంటే నన్ను భయపెట్టేది బరువు కాటా. 2 కిలోల కండ కరిగి, ఆ చోట 2 లీటర్ల నీరు నిలిస్తే కాటా పాత అంకెనే చూపుతుంది. ‘బరువు తగ్గలేదు కదా’ అని ఇంట్లోవాళ్లు ఊరట పడతారు. నిజానికి అప్పటికి డ్రై వెయిట్‌ను 53కు దించాలి. దించకపోతే బీపీ పెరుగుతుంది, గుండె మీద భారం పడుతుంది.

నీటి వల్ల అంతగా తారుమారు కానిది పిడికిలి బలం. మగవాళ్లకు 28, ఆడవాళ్లకు 18 కిలోల కంటే తగ్గితే బలహీనత ఉన్నట్టే. కొలిచే పరికరాన్ని ఫిస్టులా (డయాలిసిస్ సూదుల కోసం కలిపిన రక్తనాళం) లేని చేతితో పట్టించాలి. కుర్చీలోంచి 5 సార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పట్టినా అనుమానించాలి. అయితే నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఫ్లోరోసిస్‌తో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లున్నారు. వాళ్లు లేవలేకపోతే లోపం కండదో, కీలుదో డాక్టరు విడిగా తేల్చాలి.

కండ నిలవాలంటే డయాలిసిస్ రోగికి రోజూ కిలో బరువుకు 1.0 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. 55 కిలోలకు 55 నుంచి 66 గ్రాములు. ఒక గుడ్డు ఇచ్చేది సుమారు 6 గ్రాములు. అంబలి, గంజితో కడుపు నింపితే ఒంట్లో చేరేది ఎక్కువగా నీరే.