చౌక ధర వెనుక ఏముంది?
ఎర్రబోరు నుంచి ఖమ్మం దాకా ఒక ఇంటి వెతుకులాట

గృహరుణం ఎంత వస్తుందని ఖాతాదారు అడిగితే మన దగ్గర నిమిషంలో జవాబు ఉంటుంది. జీతం, వయసు, పాత అప్పులు కంప్యూటర్‌లో వేస్తే అంకె వచ్చేస్తుంది. "ఇంతకీ ఇల్లు ఎక్కడ కొనమంటారు సార్?" అని అడిగితే మాత్రం చాలామందిమి నవ్వి ఊరుకుంటాం. అది మన పని కాదనుకుంటాం. కానీ రుణం మొండి బకాయిగా మారిన ఫైళ్లు తిరగేస్తే, చాలాసార్లు తప్పు వడ్డీ రేటులో కనిపించదు. ఇల్లు కొన్న చోటులోనే ఉంటుంది. డబ్బు బాగా ఉన్నవాడు చోటు తప్పినా మరో ఇల్లు కొనుక్కోగలడు. పరిమితమైన బడ్జెట్‌తో జీవితంలో ఒక్కసారే కొనేవాడికి ఆ వెసులుబాటు లేదు.

ఈ విషయాన్ని ఒక కుటుంబం ఉదాహరణతో వివరిస్తాను. ఆయన ఎర్రబోరులో కిరాణా దుకాణం నడుపుతారు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా, కొంటా తహసీలులో జాతీయ రహదారి పక్కన ఉన్న ఊరది. బస్తరు ప్రాంతమే అయినా కొంటా చుట్టుపక్కల తెలుగు బాగా వినిపిస్తుంది. దోర్ల, కోయ కుటుంబాలతో పాటు వ్యాపారం కోసం ఇటునుంచి వెళ్లి స్థిరపడిన తెలుగువాళ్లూ ఉన్నారు. 2006 జూలైలో అక్కడి సహాయ శిబిరంపై జరిగిన దాడిలో 30 మందికి పైగా చనిపోయారు. ఆ రోజుల్లో ఎన్నో కుటుంబాలు ఊళ్లు వదిలి, కొన్ని రోడ్డు పక్క శిబిరాలకు, కొన్ని గోదావరి దిశగా ఇటువైపు అడవులకు వచ్చేశాయి. ఇల్లు అంటే గోడలు, కప్పు మాత్రమే కాదనీ, అది నాది అని చెప్పగలిగే కాగితం కూడా అనీ ఆ ప్రాంతం వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు.

మా ఖాతాదారు గిరిజనేతరుడు. ఎర్రబోరులో దుకాణమూ, వెనుక గదీ అద్దెవే. పిల్లలిద్దరూ ఖమ్మంలో హాస్టల్లో ఉండి చదువుతున్నారు. భార్య, పిల్లలు ఒకచోట ఉండేలా సొంత ఇల్లు కావాలి. తాను దుకాణం చూసుకుంటూ వస్తూపోతూ ఉంటారు. ఆదాయపు పన్ను రిటర్నుల ప్రకారం నెలకు సుమారు 50 వేల రాబడి. చేతిలో 8 లక్షల పొదుపు.

ముందు మొత్తం తేల్చుకోవాలి

చోటు వెతికే ముందు అంకె ఖాయం కావాలి. లేకపోతే కంటికి నచ్చిన ఇంటికి తగ్గట్టు అప్పు పెంచుకుంటూ పోతాం. రాబడిలో 40 శాతం, అంటే 20 వేల నెలవాయిదా ఆయన మోయగలరనుకున్నాం. 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు లక్ష రూపాయల అప్పుకు నెలవాయిదా సుమారు 868 రూపాయలు. ఆ లెక్కన 23 లక్షల రుణం. పొదుపు కలిపితే 31 లక్షలు.

చాలామంది ఇక్కడే ఆగిపోయి 31 లక్షల ఇంటికి బయానా ఇచ్చేస్తారు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సుమారు 7.5 శాతం. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల లోపు గృహరుణానికి ఇంటి విలువలో 90 శాతం వరకు ఇవ్వవచ్చు. కానీ ఇల్లు 10 లక్షలు దాటితే ఈ ఖర్చులను విలువలో కలపకూడదు. అవి చేతి డబ్బులోంచే పోవాలి. 27 లక్షల ఇల్లయితే రిజిస్ట్రేషన్‌కు రెండు లక్షల చిల్లర. మిగిలిన రెండు లక్షల్లో న్యాయవాది అభిప్రాయం, చిన్న మరమ్మతులు, ఆరు నెలల వాయిదాలకు సరిపడా నిల్వ. దుకాణం మీద బతికే కుటుంబానికి ఆ నిల్వ తప్పనిసరి. కాబట్టి ఆయన అసలు బడ్జెట్ 31 కాదు, 27 లక్షలు.

వచ్చిన మూడు బేరాలు

ఆయన ముందు మూడు బేరాలున్నాయి. కొంటాలో ఇంటి స్థలం, చాలా తక్కువ ధర. భద్రాచలంలో కట్టిన ఇల్లు, 18 లక్షలు. ఖమ్మంలో రెండు పడకగదుల పాత ఫ్లాటు, 27 లక్షలు. ఇంట్లో అందరి మనసూ భద్రాచలం వైపే ఉంది. రాముడి సన్నిధి, ఎర్రబోరు నుంచి ఒకే రోడ్డు, పైగా తొమ్మిది లక్షలు మిగులు.

నేను ఆయనతో అన్నది ఒకటే. "ధర తక్కువగా ఉందంటే ఆ ఇల్లు మనకేదో చెబుతోందని అర్థం. ఏం చెబుతోందో ముందు విందాం."

మొదటి ప్రశ్న: చట్టం

భద్రాచలం ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే ఏజెన్సీ ప్రాంతం. అక్కడ 1959 నాటి భూ బదలాయింపు క్రమబద్ధీకరణ, దానికి 1970లో వచ్చిన సవరణ అమలులో ఉన్నాయి. మనం వాడుకలో '1/70' అనేది దీన్నే. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదన్నంత వరకు అందరికీ తెలుసు. తెలియనిది తర్వాతి మాట. గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి అమ్మినా ఆ బదిలీ చెల్లదు. ఏజెన్సీలో స్థిరాస్తి గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘాలకు మాత్రమే బదిలీ కావాలి. సుప్రీంకోర్టు 1988లో ఈ నిబంధనను సమర్థించింది. పైగా ఈ చట్టంలో 'బదిలీ' అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తనఖా కూడా అందులోకి వస్తాయి.

ఇప్పుడు 18 లక్షల ధరకు అర్థం తెలిసింది. అమ్మేవారు ఇస్తానన్నది నోటరీ చేసిన కాగితం. రిజిస్ట్రేషన్ లేదు. బ్యాంకు తనఖా పెట్టుకోలేదు. రేపు అవసరానికి అమ్ముకోవాలంటే మళ్లీ ఇలాగే కాగితం మీద నమ్మకంతో కొనేవాడు దొరకాలి. "తెలిసిన గిరిజన మిత్రుడి పేరున కొనుక్కోండి" అని మధ్యవర్తి సలహా కూడా ఇచ్చాడట. అది బినామీ లావాదేవీ. 2016 సవరణ తర్వాత ఆస్తి జప్తుతో పాటు ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు శిక్ష ఉంది. అన్నిటికీ మించి, ఆ చట్టం ఎవరి రక్షణకు పుట్టిందో వాళ్ల చేతితోనే దానికి గండి కొట్టడం అవుతుంది.

కొంటాలో చట్టం వేరు. ఛత్తీస్‌గఢ్ భూ రెవెన్యూ కోడ్ 165(6) సెక్షన్ ప్రకారం నోటిఫై చేసిన ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కాకూడదు. కాబట్టి అక్కడ స్థలం చూసేవారు ఖస్రా, బి-1 నకళ్లు తీసి, భూమి మొదట ఎవరి పేరున ఉందో, వ్యవసాయం నుంచి నివాసానికి 'డైవర్షన్' అయిందో లేదో చూసుకోవాలి. సరిహద్దు దాటితే చట్టం మారుతుంది, కాగితాల పేర్లు మారతాయి. షెడ్యూల్డు తెగల జాబితా కూడా రాష్ట్రానికొకటి. ఒక రాష్ట్రంలో గిరిజన ధ్రువపత్రం ఉన్న ఉద్యోగి పక్క రాష్ట్రం ఏజెన్సీలో కొనాలనుకుంటే ముందు న్యాయవాదిని కలవాలి.

రెండో ప్రశ్న: నీరు

చట్టం కాగితంలో కనిపిస్తుంది. నీరు కాగితంలో కనిపించదు. మన న్యాయవాది ఇచ్చే అభిప్రాయంలో వరద గురించి ఒక్క ముక్క ఉండదు.

భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో నది 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది. అందుకే గోదావరి ఒడ్డున ఇల్లు చూసేటప్పుడు "వరద వస్తుందా?" అని అడిగితే లాభం లేదు. "ఎన్ని అడుగులకు ఈ వీధిలోకి నీళ్లొస్తాయి?" అని అడగాలి. అక్కడి పాతకాపులు అంకెతో సహా చెబుతారు.

కొంటా శబరి ఒడ్డున ఉంది. శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి పొంగినప్పుడు శబరి నీరు ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. పోలవరం ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం 150 అడుగులు. దాని ముంపు ప్రభావం పడే ప్రాంతాల్లో కొంటా వైపు భూములూ ఉన్నాయి. ఆ స్థలం ధర ఎందుకంత తక్కువో ఆయనకు నేను చెప్పాల్సిన పని లేకపోయింది.

అలాగని ఏజెన్సీ దాటి మైదానానికి వస్తే నీటి భయం తీరిపోదు. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ఒడ్డు కాలనీలు మునిగాయి. అదే రోజుల్లో విజయవాడలో బుడమేరు సింగ్‌నగర్ వైపు ఇళ్లను ముంచింది. హైదరాబాదులో చెరువుల పూర్తి నీటిమట్టం పరిధిలో కట్టిన ఇళ్లకు వానతో పాటు కూల్చివేత భయం కూడా ఉంది. ఖమ్మం ఫ్లాటు చూడటానికి ఆయన వెళ్లినప్పుడు నేను చెప్పిన పనులు ఇవి: వర్షాకాలంలో ఒకసారి వెళ్లండి. గోడల మీద నీటి చార ఉందేమో చూడండి. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె ఎంత ఎత్తున కట్టారో చూడండి. వీధి చివరి టీ కొట్టులో 2024 వరద గురించి అడగండి. మే నెలలో ట్యాంకరు వస్తుందా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది.

మూడో ప్రశ్న: దూరం

నగరం అంచుకు వెళితే చదరపు అడుగు ధర తగ్గుతుంది. తగ్గినది నెలనెలా పెట్రోలు రూపంలో కట్టాలి. పనిచోటు 25 కిలోమీటర్లయితే రోజుకు రానూపోనూ 50. స్కూటరు లీటరుకు 45 ఇస్తుందనీ, లీటరు 108 రూపాయలనీ అనుకుంటే రోజుకు 120. నెలకు 25 రోజులకు 3 వేలు. పైన చెప్పిన వడ్డీతో ఈ 3 వేలు సుమారు మూడున్నర లక్షల రుణానికి నెలవాయిదాతో సమానం. ఇంట్లో ఇద్దరు అలా తిరిగితే ఏడు లక్షలు. అంటే ఊరి బయట ఏడు లక్షలు తక్కువకు వచ్చిన ఇల్లు నిజానికి తక్కువకు వచ్చినట్టు కాదు. రోడ్డు మీద గడిచే గంటలను ఇందులో లెక్కేయలేదు.

మా ఖాతాదారు విషయంలో ఒకరు దూరం మోయక తప్పదు. దుకాణం ఎర్రబోరులోనే ఉంది. ఎవరు, ఎంత తరచుగా మోయాలన్నదే ప్రశ్న. పిల్లలు రోజూ కాలేజీకి వెళ్లాలి. ఆయన పదిహేను రోజులకోసారి వస్తే చాలు. కాబట్టి కాలేజీకి దగ్గరగా ఉన్న ఇల్లే సరైనదని ఆయన భార్య తేల్చి చెప్పారు. ఆమె మాటలో మా లెక్కలన్నిటికంటే స్పష్టత ఉంది.

నాలుగో ప్రశ్న: రేపు అమ్మగలమా?

కొనేటప్పుడు అమ్మకం గురించి ఆలోచించడం అపశకునంగా భావిస్తాం. కానీ జబ్బు, చదువు, పెళ్లి, వ్యాపారంలో దెబ్బ, ఏదైనా రావచ్చు. బ్యాంకు ఒక ఇంటిని తనఖాకు ఒప్పుకుందంటే, రేపు కొనేవాడికీ రుణం దొరుకుతుందని అర్థం. రుణం దొరికే ఇంటికి కొనేవాళ్లు ఎక్కువ. అయితే బ్యాంకు ఒప్పుకోవడం మొదటి మెట్టు మాత్రమే. మనం చూసేది మన రుణానికి భద్రత. కుటుంబం సుఖంగా ఉంటుందో లేదో చూసుకోవాల్సింది వాళ్లే.

పాత ఫ్లాటు కనుక లింకు దస్తావేజులు, 30 ఏళ్ల ఈసీ, మున్సిపల్ అనుమతి పొందిన ప్లాను, కట్టిన అంతస్తులు ఆ ప్లానులో ఉన్నవేనా, ఆస్తి పన్ను, అసోసియేషన్ బకాయిలు చూశాం. విడి స్థలమో లేఅవుట్ ప్లాటో అయితే లేఅవుట్ అనుమతి, కొత్త ప్రాజెక్టు అయితే రెరా నమోదు చూడాలి.

ఒక మేలు కూడా కలిసొచ్చింది. కుటుంబంలో ఎవరి పేరునా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేదు. ఏడాది రాబడి 9 లక్షల లోపు, ఇంటి విలువ 35 లక్షల లోపు, రుణం 25 లక్షల లోపు ఉంటే ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద వడ్డీ రాయితీకి దరఖాస్తు చేసుకోవచ్చు. రాయితీ గరిష్ఠంగా 1.80 లక్షలు, ఐదు వార్షిక వాయిదాల్లో వస్తుంది. మధ్యవర్తి మాట విని నోటరీ ఇల్లు కొని ఉంటే ఈ దారి మూసుకుపోయేది.

మన బల్ల దగ్గర

ఆ కుటుంబం ఖమ్మం ఫ్లాటు కొనుక్కుంది. మున్నేటికి దూరంగా, కాలేజీకి నడిచి వెళ్లగలిగే చోట. ఇల్లు చిన్నదే. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడో మనిషికి చోటు లేదు. గోడలకు సున్నం వేసుకోవచ్చు, వంటగది తర్వాత మార్చుకోవచ్చు. నేల ఎత్తును, చట్టాన్ని, కాలేజీ దూరాన్ని ఎవరూ మార్చలేరు. తక్కువ బడ్జెట్ ఉన్నవాళ్లు డబ్బు మొదట పెట్టాల్సింది మార్చుకోలేని వాటి మీదే.

సహోద్యోగులకు ఒక మనవి. గృహరుణానికి వచ్చినవాళ్లను ఆస్తి కాగితాలు అడిగేముందు నాలుగు ప్రశ్నలు అడుగుదాం. అక్కడ మీకు కొనే హక్కు ఉందా? నీళ్లు ఎంతవరకు వస్తాయి? రోజూ ఎవరు ఎంత దూరం తిరగాలి? రేపు అమ్మగలరా? ఇవి దరఖాస్తు ఫారంలో లేవు. అయినా బయానా ఇవ్వకముందు అడిగితే ఒక కుటుంబం పొదుపు నిలుస్తుంది, బయానా ఇచ్చాక అడిగితే మనం చెప్పగలిగేది "కుదరదండి" అనే ఒక్క మాటే. మీ శాఖ పరిధిలో ఏ వీధి ఎన్ని అడుగులకు మునుగుతుందో, ఏ గ్రామం ఏజెన్సీలోకి వస్తుందో ఒక కాగితం మీద రాసి బల్ల అద్దం కింద పెట్టుకోండి. బదిలీ మీద మీరు వెళ్లిపోయినా, తర్వాత వచ్చేవారికి అది పనికొస్తుంది.