చేయి వెనుకకు తీసికొను విద్య

తిరుపతిలో నేనెఱిగిన యొక యింటి మేడమీద, నెలకు రెండు ఆదివారములు, ఉదయము తొమ్మిదింటికి పదిమంది పెద్దవారు చాపలపై కూర్చుండి, ఎదుట పీటలపై పఱచిన లేతపసుపు గుడ్డను, చేతిలోని వెదురు కలమును మార్చి మార్చి చూచుకొనుచు, మొదటి గీత గీయుటకు వెనుకాడుచుందురు. మట్టిమూకుడులోని ద్రవము పలుచని కషాయమువలె నుండును. అందు ముంచిన కలము గుడ్డకు తగిలినంతనే, ఆ తడి చూచుచుండగనే నల్లబడి కాటుకగీతయై నిలుచును. ఆ క్షణమున ఎవరో ఒకరు "అరె, నల్లగా అయిపోయిందే!" అనక మానరు. ఆ మాటకొఱకే ఎదురుచూచుచున్నట్లు ఆ యింటి దంపతులు ఒకరి మొగమొకరు చూచుకొని సంతోషింతురు.

భర్త బ్యాంకులో ఉద్యోగము చేసి విశ్రాంతి గైకొన్నవారు. భార్య ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రము బోధించినవారు. ఉద్యోగములలో నున్న కాలమున, సెలవుదినములలో శ్రీకాళహస్తికి పోయి, ఒక వృద్ధ కళాకారుని వాకిట కూర్చుండి వారు కలంకారీ నేర్చుకొన్నది మనసు కుదుటపడుటకే గాని ధనార్జనకు గాదు. వ్రాసిన దుపట్టాలు, తెరలు చుట్టములకు పంచిపెట్టిరి. వెలయిచ్చి కొందుమని కొందఱనగా కొన్నాళ్లు అమ్మియు చూచిరి. అంతలో వారికి రెండు సత్యములు బోధపడినవి. తమ కొక దుపట్టాకు వారములు పట్టుచుండగా, దానిని పోలినవి స్క్రీన్ ముద్రణతో త్వరత్వరగా తయారై అతి తక్కువ ధరకు అంగళ్లలో వ్రేలాడుచున్నవి. అదియుగాక, పింఛను వచ్చు తాము అమ్ము ప్రతి వస్త్రమును, ఆ పనిమీదనే సంసారమీదు కళాకారుని బేరమునకు పోటీయగుచున్నది. ఆ సందిగ్ధములో నుండగా ఎదురింటి యిల్లాలు, "అమ్మడం దేనికండీ, నాకు నేర్పకూడదూ?" అని అడిగినది. ఆ ప్రశ్నయే వారి శిక్షణశాలకు శంకుస్థాపన.

శ్రీకాళహస్తిలో ఈ కళ నేటికిని నిలిచియుండుటకు కారణములలో నొకటి గూడ శిక్షణశాలయే యను సంగతి చాలమంది యెఱుగరు. దేవాలయములలో వ్రేలాడగట్టు రామాయణ భారత కథాపటములను కలముతో వ్రాయు ఈ విద్య, పోషకులు సన్నగిల్లగా, ఇరువదవ శతాబ్ది మధ్యమునకు వ్రేళ్లపై లెక్కింపదగిన చేతులలో మాత్రమే మిగిలెను. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలికి సారథ్యము వహించిన కమలాదేవీ చట్టోపాధ్యాయ చొరవతో, ఆ దశాబ్దములోనే శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రము వెలసినది; జొన్నలగడ్డ లక్ష్మయ్య వంటి పెద్దలు గురుపీఠమునెక్కి క్రొత్త తరమునకు కలము పట్టుట నేర్పిరి. ఆ వంశమువాడే యగు గురప్పచెట్టిని 2008లో పద్మశ్రీ వరించినది. తండ్రి కొడుకునకు మాత్రమే అందించుచు వచ్చిన విద్య, పదిమంది నడుమ చెప్పుటవలన చావు తప్పించుకొన్నదనుట అతిశయోక్తి కాదు.

అయితే కలంకారీ ఒక్క ఆదివారమున నేర్వదగినదా? కాదనియే చెప్పవలెను. ముతక నూలుగుడ్డను గంజి పోవునట్లు ఉతికి, కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి, పిండి, ఎండబెట్టవలెను. పాలలోని క్రొవ్వు గీతను అటునిటు ప్రాకనీయదు. కరక్కాయలోని వగరు రంగును పట్టి నిలుపును. తుప్పుపట్టిన ఇనుపముక్కలు, బెల్లము, నీరు కుండలో పోసి వారముల తరబడి పులియనిచ్చినచో కళాకారులు కసిమి యని పిలుచు ఇనుపనీరు సిద్ధమగును. ఈ ఇనుము ఆ వగరుతో కలిసినప్పుడే నలుపు పుట్టును. మన పెద్దలు కరక్కాయయు అన్నభేదియు కలిపి వ్రాతసిరా చేసికొన్నదియు ఈ సూత్రముననే. ఎఱుపు కావలసినచోట పటికనీరు పూసి, మంజిష్ఠ వంటి వేళ్లతో కాగు నీటిలో గుడ్డను ఉడికించినచో, పటిక పడిన తావు మాత్రమే రక్తవర్ణమును పట్టుకొనును. పసుపు, నీలము ఆ తరువాతివి. నడుమ నడుమ గుడ్డను పాఱునీటిలో జాడించవలెను. స్వర్ణముఖీ తీరమున ఈ కళ పాదుకొనుటలో ఆ యేటినీటి పాలును కలదు.

ఇంత దీర్ఘమైన పనిని ఒక పగటిలో ఇముడ్చుట యెట్లు? ఇచ్చటనే శిక్షణశాల నడుపువారి వివేకము బయటపడును. మా మిత్రదంపతులు గుడ్డను ముందే పాలలో ముంచి ఆఱవేసియుంతురు. ఇనుపనీటి కుండను నెల ముందే నింపియుంతురు. ఉదయము వెదురుపుల్లను చెక్కి, కొనకు కొంచెము పైన ఉన్నిగుడ్డ చుట్టి, దారముతో బిగించి కలము చేసికొనుట. మధ్యాహ్నము వఱకు గీతలు. భోజనానంతరము ఒక నెమలియో, ఒక కొమ్మయో: అభ్యాసకుని పని యింతే. ఎఱుపు ఉడికించుట చూడగోరువారు రెండవ ఆదివారము రావలెను. "ఒక్కరోజులో కలంకారీ నేర్పెదము" అని వారు ప్రకటింపరు. "ఒక్కరోజు కలము పట్టి చూడుడు" అని మాత్రమే చెప్పుదురు. ఈ రెండు వాక్యములకు నడుమ నున్న దూరమే వారి వ్యాపారపు నిజాయితీ.

కాని వారికి మిక్కిలి కష్టమైన పాఠము వేఱొకటి కలదు. నేను చూచుచుండగా ఒక యువకుడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కలముచుట్టిన ఉన్నిని గట్టిగా నొక్కెను. బొట్టు జాఱి నెమలి మెడమీద పెద్ద మచ్చ పడినది. గృహస్థు చప్పున వంగి, దిద్దుటకై అతని చేతిలోని కలమును అందుకొనబోయెను. ఆవలి వరుసలోనుండి భార్య మెల్లగా, "ఏవండీ, మీరు ముట్టుకోకండి. ఆయన్నే వెయ్యనివ్వండి" అనెను. ఆయన చేయి వెనుకకు తీసికొనెను. యువకుడు కొంతసేపు మచ్చను చూచి, ఈ మాఱు వ్రేళ్లు సడలించి, ప్రక్కన మఱియొక గీత గీచెను. అది తిన్నగా వచ్చినది. ఇనుపనలుపు అంత సులువుగా పోవునది కాదు గనుక మచ్చ మచ్చగానే ఉండిపోయెను. సాయంకాలము అతడు ఆ గుడ్డను భద్రముగా మడిచి సంచిలో పెట్టుకొని పోవుచుండగా నాకు స్పష్టముగా తోచినది: వస్తువును అమ్మువానికి తన చేతినేర్పు మూలధనము, అభ్యాసమును అమ్మువానికి, ఆ నేర్పును అణచుకొనగల నిగ్రహమే మూలధనము. అందఱు నేర్పరులును గురువులు కాజాలకపోవుట కిదియే హేతువు.

దంపతులు కలిసి నడుపు పనిలో ఇంకొక ధర్మసూక్ష్మము కలదు. మన చేతిపనుల యిండ్లలో ఇల్లే కార్ఖానా. మగ్గముమీద కూర్చున్నవాడు లోకమునకు కనబడును, నూలును మేకులచుట్టు త్రిప్పి ఆసు పోసిన ఇల్లాలు కనబడదు. పోచంపల్లి తీరు చీరకు వేలసార్లు చేయి చాపి ఆసు పోయుటతో తల్లి లక్ష్మి భుజములు నొచ్చుట చూడలేకనే చింతకింది మల్లేశం ఆసుయంత్రమును నిర్మించి, దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. ఆ కథ మనకు చెప్పునదేమి? కనబడని శ్రమను లెక్కలో చేర్పవలెనని. మా మిత్రుల యింట పాలు తెచ్చుట, గుడ్డ పిండుట, పదిమందికి వండుట, అతిథులు వెడలిన పిదప మూకుళ్లు కడుగుట, ఇవన్నియు ఒక పుస్తకములో గంటల లెక్కన ఇరువురి పేర వ్రాయబడును. నెలాఖరున మిగులును ఆ గంటలను బట్టియే పంచుకొందురు. ఆ పుస్తకము లేకున్నచో సరదా కాస్తయు ఆమెకు రెండవ వంటయిల్లై యుండెడిది.

లెక్కల సంగతి వచ్చినది గనుక, ఇట్టి ప్రయత్నము తలపెట్టువారికొఱకు కొంత విప్పి చెప్పెదను. ఉదాహరణకు, తలకు 1,500 రూపాయల చొప్పున పదిమంది వచ్చిన 15,000 అగును. గుడ్డ, రంగులు, భోజనము కలిసి తలకు 500 అనుకొన్న 5,000 పోవును. మిగిలిన 10,000 లాభమని మురియరాదు. ముందు రెండుదినముల సన్నాహము, ఆ దినము, మఱునాటి శుభ్రత కలిపి ఇద్దఱికిని ఎనిమిది పనిదినములు. అనగా దినమునకు 1,250 కూలి. అభ్యాసకులలో ఇద్దఱు రాకపోయినచో అదియు తగ్గును. కావున ముందే రుసుము తీసికొనుట మేలు. భార్యాభర్తలైనను, 1932 నాటి భాగస్వామ్య చట్టము ననుసరించి ఒడంబడిక వ్రాసికొనుట మంచిది. చిన్న వ్యాపారములకుద్దేశించిన ఉద్యమ్ నమోదునకు ప్రభుత్వము రుసుము పుచ్చుకొనదు. మన రెండు రాష్ట్రములలోను సేవలపై ఏడాది రాబడి 20 లక్షలు దాటువఱకు సాధారణముగా జీఎస్‌టీ నమోదు అవసరముండదు.

ఇట్టి పని పెద్ద ఫలమునీయగలదా యని సందేహించువారికి పుదుచ్చేరిని చూపవచ్చును. 1971లో అచ్చట రే మీకర్, డెబోరా స్మిత్ దంపతులు గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీని స్థాపించిరి. వారు చేసిన పాత్రలు ఎంత ప్రసిద్ధములో, వారియొద్ద మట్టి పిసికి నేర్చి, దేశమందలి నానాప్రాంతములలో తమ చక్రములు నిలుపుకొన్న శిష్యులును అంత ప్రసిద్ధులు.

అయినను ఒక ఋణమును మఱువరాదు. మనము సెలవుదినమున ఆనందముకొఱకు పట్టిన కలమును, తరతరములుగా ఆకలితో పట్టినవారు వేఱే యున్నారు. మా మిత్రులు ప్రతి శిబిరమునకు శ్రీకాళహస్తినుండి ఒక కళాకారుని రప్పించి, ఆయన దినకూలియు ప్రయాణపు ఖర్చులును లాభము లెక్కింపకముందే తీసి యీయ మొదలిడిరి. ఆ మొత్తమును బట్టి రుసుమును పెంచిరి. ఆయన వెంట తెచ్చిన వస్త్రములను, ఒక్కపూట గీతతో కుస్తీపట్టి చేతులు నొచ్చినవారు బేరమాడక కొనుట నేను కన్నులార చూచితిని. చేసి చూచినవానికే వెల తెలియును.

పాఠకులారా, మీ యింట ఇరువురకును ఇష్టమైన చేతిపని యేదైన నున్నచో, ప్రకటనలు అచ్చువేయించుటకు ముందు, ఒక ఆదివారము ఎదురింటివారిని పిలిచి ఎదుట కూర్చుండబెట్టుకొనుడు. వారి గీత వంకర పోవునప్పుడు మీ చేయి దానంతటదే ముందుకు సాగును. దానిని వెనుకకు తీసికొనగలిగితిరేని, నిస్సంకోచముగా ప్రారంభింపుడు.