పిట్టలను చదివినవాడు

పిల్లలూ! జగిత్యాల చుట్టుపక్కల పల్లెలలో మక్కచేను కంకి వేసిందంటే రైతుకు రాత్రి నిద్ర వుండదు. చీకటి పడగానే మంచె ఎక్కి కూర్చుంటాడు. ఖాళీ డబ్బా మోగిస్తాడు, గొంతు పోయేలా కేకలు వేస్తాడు. అయినా ఒక్క క్షణం కన్ను మూతపడితే చాలు, అడవిపందుల మంద ఏ మూల నుంచో చొరబడుతుంది. తిన్నన్ని కంకులు తిని, మిగిలినవి తొక్కేసి పోతుంది. ఇక తెల్లవారితే చిలుకల వంతు, నెమళ్ళ వంతు!

"వాటినన్నిటినీ చంపేస్తే సరిపోదా?" అని మీరు అడగవచ్చు. కొందరు అటువంటి పనే చేశారు. చేను చుట్టూ తీగ కట్టి దానికి కరెంటు తగిలించారు. కాని ఆ తీగకు పంది అని, మనిషి అని తేడా తెలుస్తుందా? దారి తప్పిన ఆవు దానికి తగిలి చచ్చిపోతుంది. పులి చచ్చిపోతుంది. చీకటిలో పొలానికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన మనిషి కూడా చచ్చిపోతాడు. అందుచేతనే అలా తీగ కట్టడం చట్టం ప్రకారం నేరం.

రైతు పంట దక్కాలి. అడవి ప్రాణి కూడా బతకాలి. ఈ రెండూ జరిగే ఉపాయం చెప్పడానికి ఒక శాస్త్రం వున్నది. ఫలానా జంతువు ఏమి తింటుంది? ఏ వేళకు తిరుగుతుంది? ఎక్కడ పిల్లలను పెడుతుంది? చుట్టూ వున్న చెట్టుకూ, నీటికీ, మనిషికీ దానితో ఏమి సంబంధం? ఇవన్నీ కనిపెట్టే ఈ శాస్త్రాన్ని వన్యప్రాణి జీవావరణ శాస్త్రం అంటారు. పేరు పొడుగే గాని, అందులో మొదటి పాఠం చాలా చిన్నది: కళ్ళు తెరిచి చూడడం.

అలా చూడడం నేర్చుకొన్న ఒక పిల్లవాడి కథ చెబుతాను, వినండి.

అతని పేరు సాలిం అలీ. 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టాడు. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. మేనమామ అతన్ని పెంచాడు. పది పన్నెండేళ్ళ వయసులో ఆ పిల్లవాడు గాలితుపాకీతో ఒక పిచ్చుకను కొట్టాడు. చేతిలోకి తీసుకొని చూస్తే, అది మన ఇళ్ళలో తిరిగే పిచ్చుక లాగా లేదు. గొంతు మీద కోరుట్ల పసుపు అద్దినట్టు ఒక పచ్చని మచ్చ వున్నది!

ఇంకొకడైతే దాన్ని పారేసి ఆటకు పోయేవాడు. సాలిం మటుకు, "ఇదేమి పిట్ట?" అని అడిగాడు. మేనమామకు తెలియలేదు. ఆయన కుర్రవాణ్ణి బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి పంపాడు. అక్కడ కార్యదర్శిగా వున్న మిలార్డ్ దొర, ఆ పిట్ట పేరు చెప్పడమే కాక, బీరువాలు తెరిచి, దాచిన వందలాది పిట్టలను చూపించాడు. కుర్రవాడు నోరు తెరుచుకొని చూశాడు. అతని చదువు ఆ రోజే మొదలైందనుకోండి.

బడి చదువు మటుకు అంత సుఖంగా సాగలేదు. తరచుగా వచ్చే తలనొప్పి వల్ల చదువు మధ్య మధ్య ఆగిపోయేది. 1913లో మెట్రిక్యులేషను ఎలాగో గట్టెక్కాడు. కాలేజీలో చేరి, మొదటి ఏడు కష్టంగా గడిచాక మానేసి, తన వాళ్ళ గనుల వ్యాపారం చూడడానికి బర్మా వెళ్ళాడు. అక్కడ గనుల కంటె అడవిలో పిట్టలే అతన్ని ఎక్కువగా పిలిచాయి! 1917లో తిరిగి వచ్చి బొంబాయిలో ఒకపక్క వాణిజ్యం, మరొకపక్క జంతుశాస్త్రం చదివాడు. కాని డిగ్రీ పట్టా చేతికి రాలేదు. ఆ లోటు వల్లనే ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే సంస్థలో కోరిన ఉద్యోగం అతనికి దక్కలేదు.

1926లో బొంబాయి మ్యూజియంలో, వచ్చిన వాళ్ళకు వివరించి చెప్పే కొలువు దొరికింది. చెప్పేకొద్దీ తనకు తెలియనిది ఎంత వున్నదో తెలిసివచ్చింది. 1928లో సెలవు పెట్టి జర్మనీ దేశం వెళ్ళాడు. బెర్లిన్‌లో స్ట్రెసెమన్ అనే గొప్ప పక్షిశాస్త్రజ్ఞుడి వద్ద శిష్యరికం చేశాడు. 1930లో తిరిగి వచ్చేసరికి మ్యూజియంలో డబ్బు లేదని ఆ కొలువును కాస్తా ఎత్తేశారు!

పట్టా లేదు, ఉద్యోగం లేదు. ఏమి చేశాడనుకొన్నారు? భార్య తెహ్మీనాతో కలిసి కిహిం అనే సముద్రతీరపు పల్లెకు వెళ్ళాడు. అక్కడ గిజిగాళ్ళు గూళ్ళు కడుతున్నాయి. రోజుల తరబడి వాటిని చూస్తూ కూర్చున్నాడు.

సిరిసిల్ల పిల్లలకు నేత సంగతి వేరే చెప్పాలా? మీ వూరు మరమగ్గాల వూరు. గిజిగాడు కూడా నేతగాడే. ఆకును సన్నని పీచులుగా చీల్చి, ముక్కుతో ముడి వేస్తూ, ఈతచెట్టుకో తాటిమట్టకో గూడు అల్లుతాడు. సాలిం అలీ చూసిన వింత ఏమిటంటే, మగపిట్ట గూటిని సగం కట్టి ఆగుతుంది. ఆడపిట్ట వచ్చి లోపలికి దూరి, అటూ ఇటూ చూస్తుంది. నచ్చితేనే కాపురానికి ఒప్పుకొంటుంది. అప్పుడు మిగతా సగం పూర్తి అవుతుంది. ఆ తరువాత మగపిట్ట ఇంకో గూడు మొదలుపెట్టి, ఇంకో ఆడపిట్ట కోసం చూస్తుంది! ఈ సంగతులు 1931లో అచ్చు అయ్యాయి. పండితులు మెచ్చుకొన్నారు. పట్టా లేనివాడి మాటకు విలువ వచ్చింది.

ఆ తరువాత అతను మన వైపు వచ్చాడు. అప్పట్లో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ నిజాం పాలించే హైదరాబాదు రాజ్యంలో వుండేవి. ఆ రాజ్యంలో ఏయే పిట్టలు వున్నాయో ఎవరూ సరిగా లెక్క తీయలేదు. "నాకు జీతం వద్దు. ప్రయాణానికీ డేరాలకీ ఖర్చు ఇవ్వండి చాలు, నేను లెక్క తీస్తాను" అని సాలిం అలీ ముందుకు వచ్చాడు. 1931, 1932 సంవత్సరాలలో ఈ రాజ్యంలో తిరిగి పిట్టలను లెక్కించాడు. అడవి అంచున డేరా వేయడం, తెల్లవారకముందే లేవడం, ఏ పిట్ట ఎక్కడ కనిపించిందో రాయడం, ఇదే పని. అటువంటి లెక్క లేకపోతే ఇవాళ ఒక పిట్ట తగ్గిందో పెరిగిందో మనకు ఎలా తెలుస్తుంది చెప్పండి?

ఇంకొక్క ముచ్చట. కలివికోడి అనే పిట్ట 1900 తరువాత ఎవరికీ కనిపించలేదు. ఇక లేదనే అనుకొన్నారు. సాలిం అలీ వున్న బొంబాయి సంఘం వారు పట్టు వదలలేదు. పిట్ట బొమ్మలు పల్లెలలో చూపించి వెతికించారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు ఒక రాత్రి దాన్ని పట్టుకొన్నాడు! ఎనభై ఆరేళ్ళ తరువాత తిరిగి దొరికిందన్నమాట. ఆ మరుసటి ఏడు, 1987 జూన్ 20న, తొంభై ఏళ్ళు నిండిన సాలిం అలీ కన్నుమూశాడు. అప్పటికే ప్రభుత్వం ఆయనకు పద్మభూషణ్, పద్మవిభూషణ్ బిరుదులు ఇచ్చింది.

"అయితే మేమూ పట్టా లేకుండా శాస్త్రజ్ఞులం కావచ్చునా?" అంటారేమో! ఆగండి. ఆయనకు ఆ లోటు ఎంత నష్టం చేసిందో చూశారు కదా? ఇప్పుడు మీకు దారులు వున్నాయి, అదీ మీ వూళ్ళలోనే. జగిత్యాల దగ్గర పొలాసలో వ్యవసాయ కళాశాల వున్నది. 'జగిత్యాల సన్నాలు' వరి పుట్టింది ఆ పొలాస పరిశోధన స్థానంలోనే. సిరిసిల్లలో మరొక వ్యవసాయ కళాశాల వున్నది. కోరుట్లలో పశువైద్య కళాశాల వున్నది. ఇంటరులో జీవశాస్త్రం తీసుకొని ఈ చదువులకు పోవచ్చు. జంతుశాస్త్రమో, వృక్షశాస్త్రమో, అటవీశాస్త్రమో కూడా చదవవచ్చు. ఆపైన డెహ్రాడూన్‌లో 1982లో పెట్టిన భారత వన్యప్రాణి సంస్థ వంటి చోట్ల పెద్ద చదువు. ఆ తరువాత ఏదో ఒక ప్రాణిని కొన్నేళ్ళు వెంబడించి పరిశోధన చేయాలి. లెక్కలు మటుకు తప్పవు సుమా! అడవిలో చూసినదాన్ని అంకెలలో చెప్పకపోతే ఎవరూ నమ్మరు.

వ్యవసాయ చదువుకూ పిట్టలకూ ఏమి సంబంధం అంటారా? హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటల మీద వాలే పిట్టలను, చేలో పడే జంతువులను గురించి ప్రత్యేకంగా పరిశోధిస్తారు. అడవిపంది తిండిని వాసనతో వెతుక్కొంటుంది. కనుక మక్కచేను చుట్టూ కొన్ని వరసలు ఆముదం వేయమని చెబుతారు. ఆముదం వాసన మక్క వాసనను కప్పేస్తుంది, పైగా పంది ఆముదం తినదు. పిట్టలకేమో, తళతళ మెరిసే రిబ్బను చేను మీద కడతారు. గాలికి అది గుయ్యిమంటుంది, ఎండకు మెరుస్తుంది, పిట్టలు బెదిరిపోతాయి. ప్రాణం తీయకుండానే పంట దక్కుతుంది.

పశువైద్యం సంగతి కూడా వినండి. చచ్చిన పశువులను తిని వూరిని శుభ్రంగా వుంచే రాబందులు 1990 తరువాత మన దేశంలో కుప్పలుగా చనిపోయాయి. కారణం 2004లో బయటపడింది. పశువుల నొప్పులకు వేసే డైక్లోఫినాక్ అనే మందు! ఆ మందు వేసిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. 2006లో పశువులకు ఆ మందు వేయకూడదని ప్రభుత్వం నిషేధించింది. 2013లో, ఇప్పటి ఆసిఫాబాదు జిల్లా బెజ్జూరు అడవిలో, ఒక కొండచరియ మీద రాబందుల గూళ్ళు కనిపించినప్పుడు అందరూ ఎంత సంతోషించారో! చూశారా? కోరుట్లలో చదివే పశువైద్యుడు ఎద్దుకు వేసే సూది, గోదావరి అవతల కొండ మీది రాబందు ప్రాణంతో ముడిపడి వున్నది.

మరి మీరు ఇవాళే మొదలుపెట్టండి. ఒక నోటుపుస్తకం తీసుకొని తేదీ, వేళ, చోటు, చూసిన పిట్ట, అది చేసిన పని రాయండి. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి. గూళ్ళ మీద చెయ్యి వేయకండి, దూరం నుంచే చూడండి. వానకాలం వస్తే బావి మీద వాలిన ఈతచెట్టుకు గిజిగాడి గూళ్ళు ఎన్ని వున్నాయో, వాటిలో సగం కట్టినవి ఎన్నో లెక్కపెట్టండి. తరువాత మీ తాతగారి దగ్గర కూర్చుని, "తాతా, నీ చిన్నప్పుడు మన వూళ్ళో రాబందులు వుండేవా?" అని అడగండి. ఆయన చెప్పినది కూడా తేదీ వేసి ఆ పుస్తకంలోనే రాసుకోండి.