మన పేర్ల మీద పరిశోధన వ్యాసం: ఎలా రాయాలి, ఎక్కడికి పంపాలి?

గుంటూరు, నెల్లూరు వైపు ఏ మస్జిద్ ముందైనా "మస్తాన్ వలీ" అని గట్టిగా పిలిస్తే ఇద్దరు ముగ్గురు తిరిగి చూస్తారు. వాళ్లలో ఎక్కువ మందికి నలభై దాటే ఉంటాయి. అదే బడి గేటు దగ్గరైతే వినపడే పేర్లు వేరు: అయాన్, రెహాన్, జోయా, అలీనా. నానీ పేరు నాగూర్ బీ, మనవరాలి పేరు ఆయత్. ఈ మార్పు ఎప్పుడు మొదలైంది, ఎందుకు వచ్చింది? ఇళ్లలో దీని మీద మాటలు చాలానే నడుస్తాయి. కాగితం మీదకు వచ్చింది తక్కువ.

పేర్లను అధ్యయనం చేసే శాస్త్రాన్ని ఒనోమాస్టిక్స్ అంటారు. తెలుగులో నామ విజ్ఞానం అనుకోవచ్చు. మన దగ్గర ఊళ్ల పేర్ల మీద మంచి పనే జరిగింది. కథారచయిత కేతు విశ్వనాథరెడ్డి పీహెచ్‌డీ చేసింది కడప జిల్లా ఊళ్ల పేర్ల మీదే. ముస్లిం పేర్ల మీద జర్మన్ పండితురాలు అన్నెమరీ షిమ్మెల్ 'ఇస్లామిక్ నేమ్స్' అనే పుస్తకం 1989లో తెచ్చారు. ఎంఏ, పీహెచ్‌డీ చేస్తున్న మన పిల్లలు ముందుగా చదవాల్సింది అదే. కానీ పల్నాటి పల్లెలో ఒకావిడకు నాగూర్ బీ అని ఎందుకు పెట్టారో ఆ పల్లె వాళ్లే చెప్పగలరు. తమిళనాడులోని నాగూర్ దర్గాకు మొక్కుకుంటే పుట్టిందా, లేక అత్తగారి పేరు పెట్టారా? ఆ జవాబు తెలిసిన పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

అయితే పేర్లు, వాటి అర్థాలు వరసగా రాసుకుంటూ పోతే అది పరిశోధన వ్యాసం కాదు, పుట్టిన పిల్లలకు పేర్లు వెతికే పుస్తకం అవుతుంది. వ్యాసానికి ఒక ప్రశ్న కావాలి, అదీ చిన్నదై ఉండాలి. "తెలుగు ముస్లింల పేర్లు" అంటే ఎవరి చేతా కాదు. "ఫలానా మండలంలోని మూడు ఊళ్లలో, 1950 నుంచి ఇప్పటిదాకా పుట్టిన వాళ్లలో దర్గాలతో సంబంధం ఉన్న పేర్లు ఎంత తగ్గాయి" అంటే ఒక విద్యార్థి ఆరు నెలల్లో చేయగల పని. మస్తాన్, నాగూర్, మహబూబ్ సుభానీ, ఖాజా వంటి పేర్లను ఒక గుంపుగా తీసుకుని, పుట్టిన సంవత్సరాన్ని బట్టి పదేళ్లకు ఒక గడి చొప్పున లెక్క వేయాలి. దుకాణం ఖాతా రాసినట్టే. ఏ పేరు ఏ గడిలోకి వెళ్లింది, ఎందుకు వెళ్లిందో రేపు ఎవరు అడిగినా చూపించగలగాలి. మస్తానయ్య, మస్తానమ్మ అనే పేర్లు హిందూ ఇళ్లలోనూ ఉన్నాయి కాబట్టి వాటిని కలుపుతారో వదిలేస్తారో ముందే చెప్పేయాలి.

సమాచారం చాలావరకు ఇంట్లోనే దొరుకుతుంది: పాత షాదీ కార్డులు, నికాహ్‌నామాలు, ఖబ్రస్తాన్‌లో రాళ్ల మీద రాతలు, మస్జిద్ కమిటీ చందా పుస్తకాలు, బడి రిజిస్టర్లు. ఆడవాళ్ల పేర్ల దగ్గరే చిక్కు. పాత పుస్తకాల్లో చాలాచోట్ల "ఫలానా సాహెబ్ భార్య" అని మాత్రమే ఉంటుంది. చందా పుస్తకం ఒక్కటే చూసి రాస్తే సగం ఊరు లెక్కలోకి రాదు. ఆ సగం కోసం ఇళ్లకు వెళ్లి దాదీలను, నానీలను అడగడం తప్ప దారి లేదు.

రెండో చిక్కు లిపిది. తెలుగులో 'నజీర్' అని రాస్తే ఉర్దూలో అది రెండు పేర్లు కావచ్చు. 'జాల్' అక్షరంతో రాస్తే హెచ్చరించేవాడు, 'జోయ్' అక్షరంతో రాస్తే సాటి, పోలిక అని అర్థం. తెలుగు లిపిలో ఆ తేడా కనపడదు. ఆధార్‌లో ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసినా తేలదు. అందుకే పట్టికలో ప్రతి పేరూ ఉర్దూలో ఎలా రాస్తారు, తెలుగులో ఎలా రాస్తారు, రికార్డులో ఎలా పడింది అని మూడు విధాలా ఉండాలి. షేక్, షేఖ్, షైక్ అని రికార్డులో ఎలా ఉంటే అలాగే ఎత్తి రాయాలి. సరిదిద్దితే సాక్ష్యమే మారిపోతుంది. ఉర్దూ, తెలుగు రెండూ చదవగలిగిన మన పిల్లలకు ఈ పనిలో ఉన్న అనుకూలత బయటివాళ్లకు అంత సులువుగా రాదు.

'షేక్' గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. విదేశీ పాఠకుడు దాన్ని ఒకే వంశం ఇంటిపేరు అనుకుంటాడు. ఇక్కడ అది ఇంటిపేరు గడిలో రాసే మాట, చాలా ఇళ్లకు గుర్తింపు, పైగా ప్రభుత్వ జాబితాలో ఒక వర్గం. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలలోని 14 సమూహాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు షేక్ అందులో ఉంది. సయ్యద్, పఠాన్, మొఘల్ బయట ఉన్నాయి. దూదేకుల, నూర్‌బాషాలు ముందు నుంచీ బీసీ-బీలో ఉన్నారు. కానీ వాళ్లలోనూ పేరుకు ముందు షేక్ అని రాసుకునే కుటుంబాలు ఉన్నాయి. అంటే పేరు చూసి కులం తేల్చడం కుదరదు. పేర్ల జాబితా ముందేసుకుని "షేక్‌లు ఇంతమంది" అని రాసేసిన వ్యాసం తప్పు దారి పట్టినట్టే. ఆ లెక్కను రేపు ఎవరో ఒక సర్టిఫికెట్ గొడవలో వాడుకోవచ్చు కూడా.

అందుకే అనుమతి ముఖ్యం. ఎవరి ఇంటి కాగితం చూసినా ఎందుకు చూస్తున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే రాసుకోవాలి. వ్యాసంలో పేరు ఒక్కటే రావాలి, ఇంటి నంబరు, ఫోను, తండ్రి పేరు రాకూడదు. చిన్న ఊరైతే ఊరి పేరు కూడా మార్చడం మంచిది. ఓటరు జాబితా నెట్‌లో దొరుకుతుంది కదా అని అందులోంచి ముస్లిం పేర్లు ఏరి జాబితా తయారు చేసి అచ్చు వేయడం ఈ రోజుల్లో ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. యూనివర్సిటీలో ఎథిక్స్ కమిటీ ఉంటే దాని అనుమతి ముందే తీసుకోవాలి, పని అయ్యాక అడిగితే లాభం లేదు.

ఇక ఎక్కడికి పంపాలి? అమెరికన్ నేమ్ సొసైటీ 1951లో ఏర్పడింది. దాని పత్రిక 'నేమ్స్' ఇప్పుడు పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ లైబ్రరీ ద్వారా ఆన్‌లైన్‌లో వస్తోంది, ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. అంతర్జాతీయ ఒనోమాస్టిక్ సంఘానికి 'ఒనోమా' అనే పత్రిక ఉంది. ఊళ్ల పేర్ల మీదైతే మైసూరు కేంద్రంగా ప్లేస్ నేమ్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఉంది. పంపే ముందు ఆ పత్రికలో ఇటీవల వచ్చిన నాలుగైదు వ్యాసాలు చదివి, రచయితలకు ఇచ్చిన సూచనలు అక్షరం వదలకుండా చూడాలి. పదాల పరిమితి, సంక్షిప్త సారం, రెఫరెన్సులు రాసే పద్ధతి పత్రికకో తీరు.

రచయిత ఎవరో తెలియకుండా వ్యాసాన్ని నిపుణులతో చదివించే పత్రికలకు పంపేటప్పుడు ఫైలులో మీ పేరు ఎక్కడా కనపడకూడదు. ఫైలు ప్రాపర్టీస్‌లో కంప్యూటర్ దానంతట అదే వేసే పేరును కూడా తీసేయాలి. ఒకే వ్యాసాన్ని ఒకేసారి రెండు పత్రికలకు పంపడం తప్పు. జవాబుకు నెలలు పడుతుంది.

మూడు రోజుల్లో అచ్చు వేస్తాం, ఇంత ఫీజు కట్టండి అని వాట్సాప్‌లో వచ్చే పత్రికలకు దూరంగా ఉండాలి. పత్రికలను సరిచూసుకోవడానికి వాడిన యూజీసీ-కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి ఇప్పుడు ఆ బాధ్యత రచయితదీ గైడుదీనే. సంపాదకవర్గంలో పేరున్నవాళ్లు నిజంగా ఉన్నారా, పాత సంచికలు చదవడానికి దొరుకుతున్నాయా చూడాలి. పైగా 2022 నియమాల ప్రకారం పీహెచ్‌డీ థీసిస్ ఇవ్వడానికి ముందు వ్యాసం అచ్చు కావాలన్న యూజీసీ షరతు లేదు. యూనివర్సిటీ సొంత నిబంధన ఏమైనా ఉందేమో కనుక్కోండి, లేకపోతే కంగారుపడి డబ్బు కట్టక్కర్లేదు.

మొదటిసారే "తీసుకున్నాం" అనే జవాబు రావడం అరుదు. మార్పులు అడిగారంటే తలుపు మూయలేదని అర్థం. ప్రతి ప్రశ్నకూ వేరుగా జవాబు రాసి, ఏ పేజీలో ఏం మార్చారో చూపిస్తూ పంపాలి. షేక్ అంటే ఇంటిపేరేనా అని అడిగితే చిరాకు పడకుండా రెండు పేరాలు వివరంగా రాయండి. ఒక్కోసారి ఆ రెండు పేరాలే వ్యాసంలో అన్నిటికన్నా పనికొచ్చే భాగం అవుతాయి.